ఏఎం4 బోర్డు ఉన్నవారి లెక్క: 5800ఎక్స్3డీనా, 7600నా?

2019 జులైలో ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 3600 వచ్చినప్పుడు, మధ్యతరగతి బడ్జెట్‌లో గేమింగ్ డెస్క్‌టాప్ కట్టించుకోవాలనుకున్నవారికి దాన్ని మించిన ఎంపిక దాదాపు లేదు. ఆ ప్రాసెసర్, ఏఎం4 రకపు బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ కలిసిన కంప్యూటర్లు నా స్నేహితుల ఇళ్లలో ఇప్పటికీ చాలా ఉన్నాయి. నాదీ మొన్నమొన్నటి వరకు అదే. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్న తరువాత కూడా ఆట అనుకున్నంత సాఫీగా నడవడం లేదని వారు అడిగినప్పుడల్లా చర్చ ఒక్కచోటికే వచ్చి ఆగుతుంది. ఉన్న బోర్డు మీదే పాత తరానికి చెందిన రైజెన్ 7 5800ఎక్స్3డీ పెట్టుకోవడం మేలా, లేక బోర్డు, ర్యామ్ సహా అన్నీ మార్చి కొత్త తరపు రైజెన్ 5 7600కు వెళ్లడం మేలా? నేను నా కంప్యూటర్‌లో మొదటిది పెట్టుకున్నాను, మా తమ్ముడికి రెండవదానితో కొత్తది కట్టించాను. ఆ రెండు నిర్ణయాలూ సరైనవేనని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రాసెసర్ విలువను తేల్చేది దాని పెట్టె మీది ధర కన్నా, కొనేవారి దగ్గర అప్పటికే ఉన్న సామాను.

5800ఎక్స్3డీ 2022 ఏప్రిల్‌లో 449 డాలర్ల ధరతో విడుదలైంది. దానిలో జెన్ 3 (జెన్ అనేది ఏఎండీ ప్రాసెసర్ల తరాలకు పెట్టిన పేరు) నిర్మాణంతో ఎనిమిది కోర్లు (లెక్కలు చేసే భాగాలు), పదహారు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనులు) ఉన్నాయి, గరిష్ఠ వేగం 4.5 గిగాహెర్ట్జ్, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) 96 ఎంబీ. 7600 ఆ తరువాత తొమ్మిది నెలలకే, 2023 జనవరిలో, 229 డాలర్లకు వచ్చింది. దానిలో జెన్ 4 నిర్మాణంతో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, గరిష్ఠ వేగం 5.1 గిగాహెర్ట్జ్, ఎల్3 క్యాష్ 32 ఎంబీ. మొదటిది ఏఎం4 సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్‌ను అమర్చే చోటు) డీడీఆర్4 ర్యామ్‌తో పనిచేస్తుంది, రెండవదానికి ఏఎం5 బోర్డు, డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి. అంకెలను బట్టి చూస్తే కోర్లలో పాతది, వేగంలో కొత్తది ముందున్నట్టు కనిపిస్తుంది గాని, ఆటల వరకు కోర్ల సంఖ్య అంత పట్టింపు కాదు. ప్లేస్టేషన్ 5లోనూ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లోనూ ఉన్నవి ఎనిమిది జెన్ 2 కోర్లు, వాటిలోనూ కొంత భాగం ఆపరేటింగ్ సిస్టమ్‌కే పోతుంది. ఆ యంత్రాలను దృష్టిలో పెట్టుకుని తయారయ్యే ఆటలకు వాటికన్నా రెండు తరాలు ముందున్న ఆరు కోర్లు సరిపోతాయి.

అసలు తేడా క్యాష్ దగ్గర ఉంది, ఇక్కడ కాస్త ఆగి చూడడం అవసరం. సెకనుకు 60 ఫ్రేమ్‌లు కావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు ప్రాసెసర్ తన పనిని 16.7 మిల్లీసెకన్లలో ముగించాలి, 144 ఫ్రేమ్‌లు కావాలంటే ఏడు మిల్లీసెకన్ల లోపే ముగించాలి. ఆ కొద్ది వ్యవధిలో ఆటలోని వస్తువులన్నీ ఎక్కడున్నాయో, ఏది దేనికి తగిలిందో, శత్రుపాత్ర ఎటు కదలాలో లెక్కించి, ఏమేం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు ఆదేశాలు పంపాలి. ఈ లెక్కలకు కావలసిన సమాచారం మెమరీలో ఒక్కచోట వరుసగా ఉండదు, చెల్లాచెదురుగా ఉంటుంది కాబట్టి తరువాత ఏది అవసరమవుతుందో ప్రాసెసర్ ముందుగా ఊహించడం కష్టం. కావలసినది ఎల్3 క్యాష్‌లో దొరికితే పదేసి నానోసెకన్లలో చేతికి వస్తుంది. దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లి రావాలి, దానికి సుమారు 70 నానోసెకన్లు పడుతుంది. ఆ నిరీక్షణలో కోర్ ఎంత వేగమైనదైనా చేయగలిగింది తక్కువ. ఏఎండీ ఈ ప్రాసెసర్‌లో మామూలు 32 ఎంబీ క్యాష్ ఉన్న చిప్ మీద మరో 64 ఎంబీ క్యాష్ చిప్‌ను నిలువుగా పేర్చి, టంకం లేకుండా రాగిని రాగితోనే అతికించింది. డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఈ పద్ధతి వాడిన మొదటిది ఇదే. గేమింగ్ చరిత్రలో దీనికి దక్కిన గౌరవం ఊరికే రాలేదని నేను గట్టిగా నమ్ముతాను.

దానికి మూల్యం కూడా చెల్లించవలసి వచ్చింది. క్యాష్ పేర్చని 5800ఎక్స్ 4.7 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తే ఇది 4.5 దగ్గరే ఆగుతుంది, దీని మల్టిప్లయర్‌ను (వేగాన్ని నిర్ణయించే అంకెను) కూడా మనం పెంచుకోకుండా తాళం వేసి ఉంచారు. 7600 మాత్రం వేరే దారిలో వెళ్లింది. ఒక్కో కోర్‌కు ఎల్2 క్యాష్‌ను (ఎల్3 కన్నా చిన్నది, కోర్‌కు మరింత దగ్గరది) అర ఎంబీ నుంచి ఒక ఎంబీకి పెంచారు, క్లాక్ వేగం పెరిగింది, డీడీఆర్5 వల్ల ర్యామ్ నుంచి ఒకేసారి వచ్చే సమాచార పరిమాణమూ పెరిగింది. ఇలా వేర్వేరు దారుల్లో బయలుదేరిన ఈ రెండూ చాలా ఆటల సగటు తీసుకుంటే దాదాపు ఒకే చోటికి చేరుతాయి, 1080పీ రిజల్యూషన్‌లో ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుతో పరీక్షించినా సగటు తేడా స్వల్పమే.

అయితే సగటు చూసి కొనవద్దని నా సలహా. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఫ్యాక్టోరియో, అసెటో కోర్సా కాంపిటిజియోనె వంటి అనుకరణ ఆటల్లోనూ, వేలమంది ఆన్‌లైన్‌లో కలిసి ఆడే పెద్ద ఎంఎంఓ ఆటల్లోనూ క్యాష్ ప్రయోజనం స్పష్టంగా తెలుస్తుంది, అక్కడ పాతదే పైచేయి. కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ వంటి పోటీ షూటర్లలో క్లాక్ వేగానికి విలువ ఎక్కువ కాబట్టి 7600 ముందుంటుంది. 5800ఎక్స్3డీని ప్రకటించినప్పుడు ఏఎండీ స్వయంగా చూపిన పట్టికలో కూడా, తన 5900ఎక్స్ ప్రాసెసర్ కన్నా ఇది సగటున 15 శాతం వేగమని చెబుతూనే, సీఎస్‌గోలో (కౌంటర్ స్ట్రైక్ ఆటలో) మాత్రం రెండూ సమానమని చూపింది. ఆ పట్టికలోనే వాచ్ డాగ్స్ లీజియన్‌లో ఆధిక్యం 40 శాతం. ఒకే ప్రాసెసర్ ఒక ఆటలో సున్నా, మరో ఆటలో 40 శాతం లాభం ఇస్తున్నప్పుడు, మీరు రోజూ ఆడే రెండు మూడు ఆటల పేర్లు రాసుకుని వాటి ఫలితాలు మాత్రమే వెతకడం సరైన పద్ధతి. అలా వెతికేటప్పుడు సగటు ఫ్రేమ్‌ల సంఖ్యతో ఆగిపోకుండా, అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేమ్‌ల అంకెను తప్పక చూడండి. 3600 నుంచి మారినప్పుడు నాకు ఎక్కువగా తెలిసిన మార్పు అక్కడే. రద్దీగా ఉన్న వీధిలోకి అడుగుపెట్టగానే ఆట కుదుపులకు లోనవడం బాగా తగ్గింది.

ఇంకా ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. మీ ఆటకు అడ్డుపడుతున్నది నిజంగా ప్రాసెసరేనా? దీనికి డబ్బు ఖర్చు లేని పరీక్ష ఉంది. ఆటలో రిజల్యూషన్‌ను బాగా తగ్గించి చూడండి. ఫ్రేమ్‌లు గణనీయంగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు, పెద్దగా పెరగకపోతే ప్రాసెసర్. గ్రాఫిక్స్ కార్డు వినియోగం ఎప్పుడూ 97, 98 శాతం దగ్గర నిలిచి ఉంటే ఏ ప్రాసెసర్ మార్చినా ప్రయోజనం కనిపించదు. 1440పీ మానిటర్ మీద మధ్యస్థాయి కార్డుతో కథా ప్రధానమైన ఆటలు ఆడేవారిలో చాలామంది స్థితి ఇదే, వారు ఆ డబ్బు దాచుకుని తరువాతి గ్రాఫిక్స్ కార్డుకు కలుపుకోవడం మంచిది.

ప్రాసెసరే అడ్డు అని తేలిందనుకుందాం. ఇప్పుడు ఖర్చు లెక్క వేస్తే, 5800ఎక్స్3డీ ధర దాని ఒక్కదాని ధరే, దానితోపాటు మంచి కూలర్ లేకపోతే కూలర్ ధర కలుస్తుంది. 7600కైతే ప్రాసెసర్, ఏఎం5 రకపు బీ650 బోర్డు, డీడీఆర్5 ర్యామ్ మూడూ కొనాలి. ఒకప్పుడు ఈ మూడవది పెద్ద భారం కాదు. మెమరీ తయారీదారులు ఏఐ డేటా సెంటర్ల అవసరాలవైపు మొగ్గడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. డీడీఆర్4 ధర కూడా పెరిగింది గాని, ఇప్పటికే ఇంట్లో 16 లేదా 32 జీబీ ఉన్నవారికి ఆ పెరుగుదలతో సంబంధం లేదు. పైగా పేర్చిన క్యాష్ వల్ల 5800ఎక్స్3డీ ర్యామ్ వేగం మీద అంతగా ఆధారపడదు. ఎప్పుడో కొన్న 3200 వేగపు ర్యామ్‌తోనే అది తన పూర్తి సత్తాకు చాలా దగ్గరగా పనిచేస్తుంది. ఏఎం4 బోర్డు ఉన్నవారికి పాత ప్రాసెసర్ విలువైనదని నేననడానికి ఈ ఒక్క అంశమే చాలా వరకు కారణం.

బీ450 బోర్డు మీద ఒక పరిమితి ఉంది. దానిలో గ్రాఫిక్స్ కార్డు స్లాట్ పీసీఐఈ (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య సమాచార మార్గం) పాత కూర్పు 3.0 వరకే. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 7600 వంటి కార్డులు ఆ మార్గంలో ఎనిమిది లేన్లతోనే (వరుసలతోనే) వస్తాయి కాబట్టి, 8 జీబీ వీడియో మెమరీ నిండిపోయే సెట్టింగుల్లో ఆ దారి ఇరుకై ఫ్రేమ్‌లు పడిపోతాయి. టెక్స్చర్ నాణ్యతను ఒక మెట్టు తగ్గిస్తే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. పదహారు లేన్ల కార్డు ఉన్నవారు దీని గురించి ఆలోచించనక్కరలేదు.

మార్చేవారు రెండు జాగ్రత్తలు పాటించాలి. ఇప్పుడు వాడుతున్న ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయోస్‌ను (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను) 2022 తరువాత వచ్చిన కూర్పుకు అప్‌డేట్ చేయాలి. లేకపోతే 5800ఎక్స్3డీ పెట్టాక తెర నల్లగానే ఉంటుంది, మళ్లీ వెనక్కి రావలసి వస్తుంది. రెండవది, ఏఎం4 ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన థర్మల్ పేస్ట్ పట్టుకోవడం వల్ల కూలర్‌ను నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడి వచ్చి పిన్నులు వంగిపోతాయి. కాసేపు ఆట నడిపి పేస్ట్ వేడెక్కాక కంప్యూటర్ ఆపి, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

మన వేసవిని లెక్కలోకి తీసుకోని పోలికలు నాకు ఎప్పుడూ అసంపూర్ణంగానే అనిపిస్తాయి. 5800ఎక్స్3డీ నిర్దేశిత విద్యుత్ పరిమితి 105 వాట్లు, ఉష్ణోగ్రత పరిమితి 90 డిగ్రీలు. కోర్ల వేడి పైన పేర్చిన పొర గుండా బయటికి రావాలి కాబట్టి అది సహజంగానే వేడిగా నడుస్తుంది, దాని పెట్టెలో కూలర్ కూడా రాదు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో ఆడేవారు పొడవాటి టవర్ కూలర్ పెట్టుకోవాలి. బయోస్‌లోని కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగు ద్వారా వోల్టేజీ తగ్గించే వీలు మీ బోర్డులో ఉంటే వాడుకోవాలి, దానితో వేగం తగ్గకుండానే వేడి తగ్గుతుంది. 7600 నిర్దేశిత పరిమితి 65 వాట్లే, కూలర్ పెట్టెలోనే వస్తుంది. ఈ విషయంలో కొత్తదానికి నేను నిస్సంకోచంగా ఎక్కువ మార్కులు వేస్తాను.

5800ఎక్స్3డీ ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్ సరుకుగానే దొరుకుతోంది. 2024 జనవరిలో వచ్చిన దాని తమ్ముడి వంటి 5700ఎక్స్3డీలో క్యాష్ అంతే, వేగం మాత్రం 4.1 గిగాహెర్ట్జ్. ఆటల్లో తేడా తక్కువ కాబట్టి అది చవకగా దొరికితే దానినే తీసుకోవచ్చు. సికింద్రాబాద్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనోయ్ ట్రేడ్ సెంటర్‌లో గాని, మరెక్కడైనా గాని కొనేటప్పుడు అసలు బిల్లు, వారంటీ మిగిలి ఉందో లేదో, పిన్నులన్నీ నిటారుగా ఉన్నాయో లేదో వెలుతురులో చూసుకోండి. పెట్టెతో వచ్చిన ప్రాసెసర్లకు ఏఎండీ మూడేళ్ల వారంటీ ఇస్తుంది, పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే సరుకుకు అది వర్తించదు. నేను పెట్టుకున్న హద్దు ఒకటి చెబుతాను. పాత ప్రాసెసర్‌కు అడిగే ధర, 7600, బోర్డు, ర్యామ్ కలిసిన మొత్తంలో సగం దాటితే నేను కొనను, ఎందుకంటే ఏఎం4లో దీని తరువాత ఎక్కవలసిన మెట్టు లేదు.

చేతిలో ఏమీ లేకుండా మొదటినుంచి కట్టించుకునేవారికి నా జవాబు 7600 మాత్రమే. ఏఎం5 సాకెట్‌కు 2027 వరకు, ఆపైన కూడా మద్దతు ఇస్తామని ఏఎండీ ప్రకటించింది. 2024 నవంబర్‌లో వచ్చిన 9800ఎక్స్3డీ అదే బోర్డులో బయోస్ అప్‌డేట్‌తో కూర్చుంటుంది, దానిలో క్యాష్ పొరను కోర్ల కిందికి మార్చడంతో వేడి సమస్య కూడా తగ్గింది. మా తమ్ముడు మూడు నాలుగేళ్ల తరువాత అటువంటిది ఒకటి కొనుక్కుంటే చాలు, మిగతాదేదీ మార్చనక్కరలేదు. 7600లో చిన్న గ్రాఫిక్స్ భాగం ఉండడం మరో సౌకర్యం, గ్రాఫిక్స్ కార్డు రిపేరుకు వెళ్లినా చదువు, ఉద్యోగం పని ఆగదు. 5800ఎక్స్3డీకి అది లేదు. ఏఎం5 తీసుకునేవారు ర్యామ్‌ను రెండు స్టిక్‌ల జతగా, కావలసినంత ఒకేసారి కొనాలి. ఇప్పుడు రెండు, తరువాత మరో రెండు అనుకుంటే నాలుగూ కలిసి తక్కువ వేగంతోనే నడుస్తాయి. 6000 వేగం, ఆ వేగాన్ని బయోస్‌లో ఒక్క సెట్టింగుతో అమర్చే ఎక్స్‌పో మద్దతు ఉన్న జత సరిపోతుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, ఆ సమయంలో తెర మీద ఏమీ రాకపోయినా స్విచ్ ఆపకుండా వేచి ఉండండి.