తాగిన నీళ్ల సంగతి

మే 27, రాత్రి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఇంట్లో రోలు లేదు, ఉన్నది శ్లాబే. సత్యనారాయణపురంలో అద్దె తక్కువని తీసుకున్న పై అంతస్తు ఇది. ఎందుకు తక్కువో ప్రతి మే నెలలోనూ తెలుస్తుంది. పగలంతా తాగిన వేడిని శ్లాబు అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. ఈసారి ఓనరుగారిని ఒప్పించి మేడ మీద సున్నం కొట్టించాం. సాయంత్రం బట్టలు తీయడానికి వెళ్తే సున్నం పడినచోట చెప్పుల్లేకుండా నిలబడగలిగాను. సున్నం చాలక వదిలేసిన ట్యాంకు మూలలో అడుగు పెడితే చుర్రుమంది.

కూలర్ మధ్యాహ్నం పడమటి గాలి పొడిగా ఉన్నంతసేపే పనిచేస్తుంది. పొద్దు వాలి సముద్రం గాలి తిరిగిందంటే ఒకటే ఉక్కపోత. అప్పుడు నీళ్లు పోసినా ఒళ్లు జిగట తప్ప చల్లదనం ఉండదు. అందుకే రాత్రిళ్లు నీళ్లు ఆపేసి, కిటికీలు తీసి, ఉత్త ఫ్యానులా తిప్పుకుంటున్నాం.

పొద్దున్నే ఫోనులో వడగాల్పుల హెచ్చరిక వచ్చింది. తలకి గుడ్డ కట్టుకోండి, మధ్యాహ్నం బయటికి రాకండి, నీళ్లు ఎక్కువగా తాగండి. అన్నీ మంచి మాటలే. తాగిన నీళ్లు ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. మంచం మీంచి లేచి బాత్రూముకి వెళ్లిరావడం ఆవిడకి పెద్ద ప్రయాణం. అందుకని చెంబు నిండా నీళ్లు పెడితే రెండు గుక్కలు తాగి మూత పెట్టేసేవారు. "దాహం లేదే అమ్మాయ్" అనేవారు. నిజంగా లేకపోవచ్చు కూడా, వయసు మీదపడితే దాహం సరిగ్గా తెలియదు. పైగా ఆవిడ బీపీ మాత్ర ఒంట్లో నీరు లాగేసే రకం. డాక్టరుగారిని అడిగితే, మాత్ర సొంతంగా ఆపొద్దు, రోజూ ఉప్పు నీళ్లూ ఓఆర్‌ఎస్‌లూ పట్టించొద్దు, మామూలు నీళ్లూ పల్చటి మజ్జిగా పగటిపూటే ఎక్కువగా తాగించమన్నారు. చెప్పడం తేలికే. చివరికి పని చేసింది వేరే. మా ఆయన బాత్రూము గోడకి స్టీలు కడ్డీ బిగించి, దారిలో చిన్న బల్బు పెట్టారు. ఇవాళ మధ్యాహ్నానికే చెంబు రెండోసారి నింపాను.

తోపుడు బండి మీద కూరలు తెచ్చే ఆవిడ పదకొండింటికి వచ్చింది. కొంగు తడిపి నెత్తిన వేసుకుంది, పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. తోటకూర కట్టలు తీసుకుంటూ మజ్జిగ గ్లాసు ఇస్తే సగం తాగి తిరిగి ఇచ్చేసింది.

"పూర్తిగా తాగమ్మా."

"తాగితే మళ్లీ ఎక్కడికెళ్లనమ్మా? ఇంటికెళ్లేసరికి ఒంటిగంట."

నాలుగు రోడ్ల కూడలికో చలివేంద్రం ఉంది. కుండల మీద తడి గుడ్డలు కప్పి, పుణ్యానికి పోస్తున్నారు, కాదనను. ఆడవాళ్లు వెళ్లగలిగే మరుగుదొడ్డి మాత్రం ఈ దారిలో ఒక్కటీ లేదు. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా ఎండలకి చనిపోయారు. వాళ్లలో చాలామంది ముసలివాళ్లు, ఎండలో కష్టం చేసుకునేవాళ్లు. దాహం వేసినా గ్లాసు వెనక్కిచ్చినవాళ్లు అందులో ఎందరో ఏ లెక్కల్లోనూ ఉండదు.

కింద వాచ్‌మన్ గది పక్కన బాత్రూము ఉంది. తాళం తీయించి ఆమెకి చూపించాను. తిరిగొచ్చాక మిగిలిన మజ్జిగా తాగింది, పైన ఇంకో గ్లాసు నీళ్లూ తాగింది. వంకాయల మీద రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువే వేసింది.

ఆ తర్వాత ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాను. ఇంట్లో ఎప్పుడు ఎవరుంటారో తెలియదు కదా. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే, పిచ్చిగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. వెంటనే 108. బండి వచ్చేలోపు నీడకి చేర్చి ఒళ్లంతా తడిపి విసరాలి, మెడ దగ్గరా చంకల్లోనూ చల్లటి గుడ్డలు పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర ఈ వేడిని దించదు. అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని అంతా చదివి, "జేబులో ఉల్లిపాయ సంగతి రాయలేదేం?" అన్నారు. కూరలో వేశాను, చాలన్నాను.

సాయంత్రం అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు పిలిచి, బయటివాళ్లకి బాత్రూము తెరిస్తే ఎలా, నీళ్ల ట్యాంకర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నారు. అద్దెకుండేవాళ్లు ఇలాంటివి నిర్ణయించకూడదని కూడా మెల్లగా అన్నారు. ఖర్చులో మా వాటా ఇస్తానన్నాను. ఆలోచిస్తామన్నారు. తాళంచెవి ప్రస్తుతానికి వాచ్‌మన్ దగ్గరే ఉంది, ఆదివారం మీటింగు. రెండో అంతస్తు టీచరుగారూ, మా పక్క ఫ్లాట్ ఆవిడా వస్తామన్నారు.