చుక్కకి ముందే తెలిసింది

ఇప్పుడు కాలి నుంచి చెప్పు జారిపోకుండా నడుస్తున్నాను. పట్టుకోకుండా మెట్లెక్కుతున్నాను. అందుకే ఇది రాయడానికి ధైర్యం వచ్చింది.

2023 సెప్టెంబర్‌లో నాకు జీబీఎస్, అంటే గులియన్ బారే సిండ్రోమ్, వచ్చింది. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే దారి తప్పి మన నరాల మీద పడే జబ్బు ఇది. 2025లో పుణెలో కేసులు ఎక్కువైనప్పుడు పేపర్ల నిండా దీని పేరే కనిపించింది కానీ, నాకొచ్చేనాటికి మా ఇంట్లో ఎవరూ ఆ మాటే వినలేదు. డాక్టరు కంటే ముందు, నాకంటే కూడా ముందు దాన్ని కనిపెట్టింది మా గుర్రం.

మా నాన్న విశాఖ ఆర్కే బీచ్‌లో పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పేవారు. ఆయన పోయాక మిగతావి అమ్మేసి చుక్కని ఉంచుకున్నాం. మార్వాడీ జాతి, ఆడగుర్రం. నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. ఆఫీసుకి వెళ్ళేముందు, తెల్లారకుండానే, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర ఇసకలోకి దిగి కోస్టల్ బ్యాటరీ వైపు ఒక చుట్టు తిరిగొచ్చేవాళ్ళం. దానికి కళ్ళెం లాగే పనే ఉండదు. ఈగ వాలినా చర్మం అదిరించే జీవి అది. నేను నడుం కాస్త ఇటు వాలిస్తే ఇటు, పిక్క కాస్త నొక్కితే అటు వెళ్ళేది. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని ఒకప్పుడు జనం విరగబడి చూశారు. అది లెక్కలు చెయ్యట్లేదనీ, అడిగే మనిషి తల కదలికని బట్టి గిట్ట తట్టడం ఆపుతోందనీ 1907లో తేల్చారు. మనిషికే తెలియకుండా మనిషి చేసే కదలిక దానికి కనబడింది. నన్నడిగితే లెక్కల కంటే అదే గొప్ప విద్య.

జబ్బు బయటపడిన రోజుకి రెండు వారాల ముందు నాకు మూడు రోజులు విరేచనాలయ్యాయి. తగ్గిపోయాయి, మర్చిపోయాను. ఆ రోజు పొద్దున్న చుక్క మాటిమాటికీ ఎడమకి, నీళ్ళలోకి పోతోంది. సరిచేస్తే మళ్ళీ అటే. చివరికి ఆగిపోయింది. చెవులు రెండూ నా వైపు తిప్పి, ఎంత అదిలించినా కదల్లేదు. ఆఫీసుకి లేటవుతోందన్న కోపంలో పగ్గం కొసతో మెడ మీద కొట్టాను. అన్నేళ్ళలో అదే మొదటిసారి. అది కొంచెం వణికింది, అంతే, కదల్లేదు. దాన్ని చూసుకునే బాబాయి పరిగెత్తుకొచ్చి, "ఏటి బాబూ, దాన్నలా కొట్టేసావు? నీ ఎడం కాలు యేలాడిపోతంది, చూసుకున్నావా?" అన్నాడు. కుడి పిక్క నొక్కుతోంది, ఎడమ పిక్క నొక్కట్లేదు. ఒత్తిడి లేనివైపుకి జరగడమే నేను దానికి నేర్పింది. పాపం, నా ఒళ్ళు చెప్పిందే అది చేసింది.

ఆ సాయంత్రానికి రెండు పాదాల్లోనూ తిమ్మిర్లు. ఓ డాక్టరు దగ్గరికి వెళ్తే, "గుర్రాలెక్కేవాళ్ళకి నడుం నరం నొక్కుకోవడం మామూలే. టెన్షన్ పడకండి" అని బీ12 మాత్రలు రాసి పంపేశారు. మోకాలి కింద కొట్టి చూసే చిన్న సుత్తి ఆయన బల్ల మీదే ఉంది. ఒక్కసారి తీసి కొట్టి ఉంటే, కాలు ఎగరట్లేదని తెలిసేదేమో. రెండు రోజులు పోయాయి. మూడో రోజు బాత్రూంలో కూలబడి లేవలేకపోయాను. ఆ సుత్తి ఇప్పటికీ నా కళ్ళ ముందు కనబడుతుంది. ఆయన్ని క్షమించానని చెప్పలేను.

పెద్దాసుపత్రి, వెన్నులోంచి నీరు తియ్యడం, నరాల పరీక్ష, ఐదు రోజుల ఇంజెక్షన్లు, మా ఆవిడ గాజులు తాకట్టుకెళ్ళడం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. మర్చిపోలేనిది రెండో రాత్రి. ఒక్క ఊపిరిలో ఎంతవరకూ లెక్కపెట్టగలనో గంటగంటకీ అడుగుతున్నారు. సాయంత్రం ఇరవై ఆరు. పదింటికి ఇరవై. ఒంటిగంటకి పదిహేను. నిద్రపోతే ఊపిరి తీసుకోవడం మర్చిపోతానేమోనని కళ్ళు మూసుకోలేదు. మూసుకోవాలన్నా రెప్పలు పూర్తిగా పడటం లేదు. అప్పుడు చుక్క పొట్టకి చెవి ఆనించి నిలబడ్డట్టు ఊహించుకున్నాను. నిమిషానికి పది పన్నెండుసార్లు, నిదానంగా పొంగి దిగే పొట్ట. దాంతో పాటే పీలుస్తూ, దాంతో పాటే వదులుతూ తెల్లారేదాకా గడిపాను. తెల్లారేసరికి లెక్క తొమ్మిదికి పడిపోయింది. గొంతులో గొట్టం వేశారు.

పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. మాట లేదు, కానీ ప్రతి మాటా వినబడుతుంది. మా దగ్గరి చుట్టం ఒకాయన నా కాళ్ళ దగ్గరే నిలబడి, "ఇంకీ మనిషి గుర్రమెక్కుతాడా ఏటి? దాన్ని అమ్మేస్తే కొంత బిల్లయినా తీరుతాది" అన్నాడు. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, కంట్లో వేసిన మందు కారుతోందనుకుని తుడిచాడు. మా ఆవిడ మాత్రం, "లేచాక ముందు దాన్నే అడుగుతారు. అమ్మను" అంది. అంతకు మించి ఒక్క మాట మాట్లాడలేదు.

రాత్రి డ్యూటీ సిస్టరొకామె నా అరచేతిలో వేలు పెట్టి, "అవునంటే ఒకసారి నొక్కండి, కాదంటే రెండుసార్లు" అనేది. చీమంత ఒత్తిడి కూడా ఆమెకి తెలిసేది. నోరు లేనివాళ్ళ మాట వినడం చుక్క తర్వాత నేను చూసింది ఆమె దగ్గరే. ఆమె పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

నాలుగో నెలలో వాకర్‌తో షెడ్డుకి వెళ్ళాను. చుక్క సకిలించి పరిగెత్తుకొస్తుందని ఆశపడ్డాను. అది నన్ను వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసింది. మందుల వాసనో, వాకర్ చప్పుడో తెలీదు. కొట్టింది గుర్తుందేమో అనిపించి గొంతు పూడుకుపోయింది. బాబాయి వాకర్ తీసి పక్కన పెట్టి, నన్ను గడ్డిమోపు మీద కూర్చోబెట్టాడు. చేతిలో ఉలవల గుగ్గిళ్ళు పెట్టుకుని, పిలవకుండా కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చింది. గుగ్గిళ్ళు ముట్టుకోలేదు. తల దించి నా ఎడమ పాదం మీద మూతి ఆనించి వేడిగా ఊపిరి వదిలింది. ఆ పాదంలో అప్పటికింకా స్పర్శ సగమే. ఆ వేడి మాత్రం తెలిసింది.

విరేచనాలో, జలుబో తగ్గిన కొన్ని వారాల్లోపు తిమ్మిరి, నీరసం పాదాల నుంచి పైకి పాకుతుంటే మాత్రలతో సరిపెట్టుకోకండి. న్యూరాలజిస్టు దగ్గరికి ఆ రోజే వెళ్ళండి. మోకాలి కింద కొట్టి చూడమని అడగండి, మొహమాటపడకండి. ఎంత తొందరగా మొదలుపెడితే మందు అంత పనిచేస్తుంది.

ఆ ఆషాఢంలో మా ఆవిడ నా మొక్కు తీర్చడానికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసింది. ముప్పై రెండు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. నేను కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి కూర్చున్నాను. అప్పన్నే బతికించాడని ఆమె అంటుంది. నేనూ అదే అంటాను.

తర్వాతి నెల డాక్టరుగారు సరేనన్నాక, బాబాయి పగ్గం పట్టుకుని నడిపిస్తుండగా చుక్కనెక్కాను. గుర్రం నడుస్తుంటే మన నడుం కూడా నడిచినట్టే ఊగుతుంది. పది నెలలు దాటాక నా నడుముకి ఆ నడక మళ్ళీ తగిలింది. నేను ఎడమకి జారబోతే అది కూడా ఎడమకే ఒక అడుగు వేసి నా కిందికి వచ్చి ఆగింది.

ఇప్పటికీ బాగా అలిసిన రోజు ఎడమ పిక్క సరిగా నొక్కదు. చుక్క ఆగి, చెవులు నా వైపు తిప్పుతుంది. నేను దిగిపోయి, పగ్గం పట్టుకుని, పక్కనే నడుస్తాను.