ఇస్త్రీ బట్టలు, డిస్కో పాటలు, మా అత్తయ్య

శనివారం. సెలవే, కానీ ఆఫీసులో సీపీఆర్ ట్రైనింగ్ ఉంది, అందరూ రావాలన్నారు. రానివాళ్ల పేర్లు రాసుకుంటారని కూడా అన్నారు కాబట్టి అందరం వెళ్లాం. మీటింగ్ హాల్లో కార్పెట్ మీద రబ్బరు బొమ్మల్ని పడుకోబెట్టి, ఒక్కొక్కరినీ వాటి పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. ఛాతీ మధ్యలో అరచేతి మీద అరచేయి ఆనించి, మోచేతులు వంచకుండా, కనీసం రెండంగుళాలు లోపలికి దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నాకు ముందున్న కుర్రాడు టెన్షన్‌లో ఎడాపెడా నొక్కేస్తుంటే, ట్రైనర్ ఏమీ అనకుండా ఫోన్లో పాట పెట్టాడు. బీజీస్ బ్యాండ్ వాళ్ల డిస్కో పాట ‘స్టేయిన్ అలైవ్’. నిమిషానికి 103, 104 బీట్లు ఉంటుంది. రెండు క్షణాల్లో కుర్రాడి చేతులు దారికొచ్చాయి.

ఆగిన గుండెను ఆడించడానికి వాడే ఈ పాటలో డ్రమ్స్ ఎవరు వాయించారో ఆ హాల్లో చెబితే బాగుండేది. అసలు ఆ పాట కోసం ఎవరూ వాయించలేదు. 1977లో పారిస్ దగ్గర ఒక పాత కోటలోని స్టూడియోలో రికార్డింగ్ జరుగుతుండగా, ఇంట్లో కష్టం వచ్చి డ్రమ్మర్ డెన్నిస్ బ్రయాన్ ఊరెళ్లాడు. పని ఆగకూడదని, అంతకుముందు రికార్డు చేసిన ‘నైట్ ఫీవర్’ టేపులోంచి అతను వాయించిన రెండు బార్ల ముక్క, అంటే తాళంలో రెండు చుట్లంత, తీసి, కొసలు అతికించి, గుండ్రంగా తిప్పుతూ (దీన్నే లూప్ అంటారు) పాట పొడుగునా అదే నడిపించారు. ఇక క్రెడిట్స్‌లో సరదాకి ‘బెర్నార్డ్ లూప్’ అని లేని మనిషి పేరు వేశారు. ఆ లూప్ గారు ఎవరో మాకు కావాలని తర్వాత వేరేవాళ్లు వెతికారట!

మధ్యాహ్నం భోజనాలయ్యాక వారం బట్టలు ముందేసుకున్నాను. మా ఆయన చొక్కాలు, పిల్లాడి యూనిఫాంలు, నా కాటన్ చీరలు. ఇస్త్రీకి నాకు మాటలున్న పాటలు పనికిరావు, మనసు మాటల వెంట పోయి కాలరు మాడుతుంది. డాన్స్ పాటలైతే ఒకటే నడక, చెయ్యి దానంతటదే పోతుంది. అత్తయ్య దివాన్ మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. స్పీకర్ పెట్టాను.

మొదట గాయని డోనా సమర్ ‘ఐ ఫీల్ లవ్’. ఇదీ 1977దే. మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్, పీట్ బెలోట్ కలిసి చేశారు. పాత దశాబ్దాలన్నీ గుర్తుచేసే ఆల్బమ్‌లో చివరి పాట భవిష్యత్తులా ఉండాలనుకుని, వాద్యాలన్నీ పక్కనపెట్టి, కరెంటుతో స్వరాలు పుట్టించే మూగ్ సింథసైజర్ ముందు కూర్చున్నారు. బీరువా అంత ఆ మిషన్ కాసేపటికే శ్రుతి తప్పేది. కొన్ని క్షణాలు రికార్డు చేయడం, ఆపి శ్రుతి చేయడం, మళ్లీ మొదలుపెట్టడం. మనం వినేటప్పుడు ఎక్కడా అతుకు తెలియదు. అన్నీ చేసిన ఆ మిషన్ ఒక్కదాని దగ్గర చేతులెత్తేసింది. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ములో ఉండే ఆ దిమ్ము దాని వల్ల కాలేదు. దానికి కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్‌ని కూర్చోబెట్టారు.

ఒకే ఏడాదిలో రెండు పాటలు. మనుషుల బ్యాండ్ పాటలో గుండెకాయ టేపు ముక్క, మిషన్ పాటలో గుండెకాయ మనిషి కాలు. డిస్కో అంటే అంతా యంత్రాల మోత అని తీసిపారేసేవాళ్లకు నేను వినిపించేది ముందు ఈ రెండే.

‘ఐ ఫీల్ లవ్’ మాత్రం ఇయర్‌ఫోన్స్‌లో వినాలి. మధ్యలో స్పీకర్ ఆపి పెట్టుకున్నాను. బేస్ స్వరం ఒక చెవిలో పడగానే దాని ప్రతిధ్వని రెండో చెవిలో పడుతుంది, రెండూ కలిసి పరుగులా వినిపిస్తాయి. ఒక చెవిలోది తీసేస్తే పరుగు కాస్తా నడకైపోతుంది. తీసి, పెట్టి, తీసి, అలా ఆడుతూ ఒక చొక్కా భుజం మీద మడత అలాగే వదిలేశాను. ఆయన ఎలాగూ చూసుకోడు.

స్పీకర్ మళ్లీ పెట్టగానే అత్తయ్య తలెత్తి, “అమ్మాయ్, పాట ఎప్పుడు మొదలవుతుందే?” అంది.

అప్పటికి నాలుగు నిమిషాలైంది.

ఆవిడ కోసం షీక్ బ్యాండ్ వాళ్ల 1979 పాట ‘గుడ్ టైమ్స్’కి మార్చాను. బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్, నైల్ రోజర్స్ గిటార్. పొడుగు వెర్షనే వినాలి, రేడియో కోసం కోసిన ముక్క కాదు. మధ్యలో పాడేవాళ్లు తప్పుకుంటారు, బేస్, డ్రమ్స్, చప్పట్లు మిగులుతాయి. అదే ఏడాది షుగర్‌హిల్ గ్యాంగ్ ఆ బేస్‌నే మళ్లీ వాయించుకుని దాని మీద ర్యాప్ చేశారు. మరుసటి ఏడాది క్వీన్ బ్యాండ్ పాట ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’లో కూడా దాని పోలికే. అదీ సీపీఆర్‌కి సరిపడే వేగమే, కానీ ఇంకొకడు పోయాడని పాడే పాటను ఆ సమయంలో ఏ ట్రైనర్ పెడతాడు!

1979 జులై 12న చికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని పెట్టెలో పోసి పేల్చేశారు. ఆ రోజు రెండు ఆటలుండగా, జనం మైదానంలోకి దూకడంతో రెండోది జరగనే లేదు. నాకు ఆ కోపం ఎప్పుడూ అర్థం కాలేదు. నచ్చకపోతే వినడం మానేస్తారు గానీ, పేల్చడమేంటి? ఆగస్టులో ‘గుడ్ టైమ్స్’ అమెరికాలో నంబర్ వన్ అయింది. డిస్కోలోంచే వచ్చిన హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టింది కూడా ఆ చికాగోలోనే.

డాఫ్ట్ పంక్ ‘అరౌండ్ ద వరల్డ్’ ఎక్కువసేపు నడవలేదు. 1997 పాట, ఆల్బమ్ వెర్షన్‌లో ఆ మూడు మాటలే 144 సార్లు. అష్టోత్తరం కూడా 108 దగ్గర ఆగుతుంది కదా అని అత్తయ్య అడక్కముందే తీసేశాను. నాకు ఇష్టమే, వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు వింటాను.

ఆఖరికి చరణ్‌జీత్ సింగ్. బొంబాయిలో హిందీ సినిమా పాటలకు వాయించిన వాద్యకారుడు. రోలాండ్ కంపెనీ టీబీ-303 అని ఒక చిన్న మిషన్ చేసింది, బేస్ గిటార్ వాయించే తోడు లేనివాళ్ల కోసం. బేస్ గిటార్‌లా అది ఏనాడూ పలకలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. తర్వాత చికాగో కుర్రాళ్లు చవగ్గా దొరికిన ఆ మిషన్ గుండీలు తిప్పితిప్పి 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ అనే పాట తెచ్చారు. పది నిమిషాలకు పైగా మిషన్ మూలుగుతూ, కీచుమంటూ ఉంటుంది. ఓపికుంటే వినండి, నాకు సగం వరకే ఉంటుంది. చరణ్‌జీత్ మాత్రం 1982లోనే ఆ మిషన్‌ను బేస్‌కి పెట్టుకుని, ఇంకో సింథసైజర్ మీద హిందుస్తానీ రాగాలు పలికించి, కింద డిస్కో బీట్ వేసి పది రాగాల రికార్డు చేశాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ కొనలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా విని ముక్కున వేలేసుకుంది.

భూపాలీ పెట్టాను. అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ ఆగింది. “ఇది మోహనం కదే!” అంది. మన మోహనమే. ఆవిడ చిన్నప్పుడు రెండేళ్లు సంగీతం నేర్చుకుంది, నిన్నుకోరి వర్ణం ఇప్పటికీ నోటికొచ్చు. ఒడిలో చిక్కుడుకాయలు పక్కకు జరిపి, మోకాలి మీద ఆదితాళం వేస్తూ అందుకుంది. ఈ వేగానికి రెండో కాలంలో పాడాల్సి వచ్చింది. రెండావర్తనాలు బాగానే సాగింది, తర్వాత ఆయాసం.

“రాగం సరిగ్గానే ఉంది. గమకమే లేదు. అంత తొందరేమిటి ఆయనకి, ఎవరు తరుముతున్నారు?” అంది మంచినీళ్లు తాగుతూ. మాల్కౌంస్ కూడా ఉందత్తయ్యా, అంటే మన హిందోళం, అన్నాను. రేపు పెట్టమంది, ఈలోగా నా చీరకు గంజి సరిపోలేదని కూడా చెప్పింది.