పుక్కిట నీళ్లు, తెర మీద నిప్పులు

మా కాలనీలో వినాయక నవరాత్రులప్పుడు ఒక సాయంత్రం హాస్య ఆటల పోటీ ఉంటుంది. జనం ఎక్కువగా ఎదురుచూసేది నీళ్ల రౌండు కోసం. ఒక జట్టు పుక్కిట నీళ్లు పట్టి వరసగా నిలబడుతుంది, అవతలి జట్టు వాళ్లను నవ్వించాలి. నీళ్లు బయటికొచ్చినా, గుటక పడినా ఔట్. ఈసారి పేర్లిచ్చేవాళ్లు తగ్గడంతో, ఆ రౌండునే ఒక మాస్ సినిమాగా ఊహించి ట్రైలర్ తీశాను.

పేరడీ అనగానే అందరూ మొహాలు వంకర పెట్టి నటించడం మొదలుపెడతారు. అది నాకు అస్సలు నచ్చదు. ఇక్కడ కథంతా చెంబెడు నీళ్లే. ఆ చెంబును అసలు సినిమాలో కత్తిని చూపించినంత భక్తిగా చూపిస్తేనే నవ్వు పుడుతుంది. అందుకే హీరో వేషం వేసిన మా బావకు ఒకటే చెప్పాను: "నువ్వు హాస్యం చేయకు బావా. ఊరి బాకీ తీర్చడానికి వచ్చినవాడిలా నడువు."

ఆటోలోంచి ముందు చెప్పు దిగుతుంది, తర్వాత పంచె అంచు, ఆ తర్వాత చేతిలో చెంబు. మొహం ఇంకా చూపించం. ఫోనును నేలకు ఆనించి, సెకనుకు 120 ఫ్రేముల చొప్పున తీసి 24 ఫ్రేముల లెక్కన నడిపిస్తే కదలిక అయిదు రెట్లు నెమ్మదిస్తుంది. చెంబు అంచు మీంచి తొణికిన ఒక్క చుక్క గాల్లో అలా నిలబడిపోయింది. పైనా కిందా నల్ల పట్టీలు వేసి సినిమాస్కోప్ కొలతకు తెచ్చాక, మా వీధి మా వీధిలా లేదు.

నేపథ్య సంగీతానికి ఎవరి పాటా వాడలేదు. ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టి రికార్డు చేసి, స్థాయి బాగా కిందికి దించాను. గుడి గంట గుహలో మోగినట్టు వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని దాన్నే మళ్లీ మళ్లీ విన్నాను, అంత ముచ్చటేసింది.

నోట్లో నీళ్లున్న హీరో డైలాగు చెప్పలేడు కదా! అందుకని అతని గొంతు మా తాతయ్యది. పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టిన మనిషి. "నీళ్లు నోట్లో ఉన్నంతసేపే నీ ఆట. గొంతు దిగాయా... ఆట నాది!" అని చివరి మాటను రాగం తీసి వదిలారు. గదిలో ఉన్నవాళ్లం ఊపిరి బిగబట్టాం.

సినిమాల్లో పొగాకు హెచ్చరికల నిబంధన 2012 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది. తెలుగు ప్రేక్షకుడి కంటికి ఆ అక్షరాలు అంతగా అలవాటు కాబట్టి, మొదట్లోనే నల్ల తెర మీద ఇలా వేశాను: "నోట్లో నీళ్లుండగా నవ్వడం ఎదుటివారి చొక్కాకు హానికరం."

టైటిల్ పడ్డాక ఒక కొసమెరుపు ఉండాలి. పోటీ తేదీ, సమయం దానికి ముందే వేసేశాను. తర్వాత వేస్తే నవ్వుల్లో ఎవరూ చదవరు. ఆ కొసమెరుపు మా అత్త సొంతంగా కల్పించినది. బావ పుక్కిట నీళ్లతో నిలబడి ఉంటాడు. వంటింట్లోంచి ఆవిడ గొంతు: "ఒరేయ్, ఆ సంబంధం ఖాయం చేసేయమంటావా? మాట్లాడవేమిరా? మౌనం అర్ధాంగీకారం అన్నారు. ముహూర్తం పెట్టించేస్తున్నా!"

నీళ్లు కెమెరా దాకా వచ్చాయి. ఆ షాట్ అలాగే ఉంచాను.

పందిట్లో తెల్ల దుప్పటి కట్టి ట్రైలర్ వేసిన రాత్రే మహిళలు తమ జట్టుకు అత్తను కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. అవతల నీళ్లు పట్టి నిలబడే వరసలో మొదటివాడు బావే.