రెండంకణాల ఇల్లు

పోయిన నెల కొండకు వెళ్ళినప్పుడు, మహాద్వారం దాటగానే కనిపించే శ్రీకృష్ణదేవరాయల విగ్రహాన్ని మా పాపకు చూపించాను. చూపించానంటే అబద్ధమే. "అదో, చేతులు జోడించి నిలబడినాడే, ఆయన" అనేలోపే వెనకనుంచి తోసేశారు, ముందుకు జరిగిపోయాం. కానీ ఏడో క్లాసు పిల్ల చూడాల్సింది చూసేసింది.

"పక్కన ఇద్దరున్నారు, ఎవరమ్మా?"

"తిరుమలదేవి, చిన్నాదేవి. ఇద్దరూ ఆయన భార్యలే."

"ఓ, మన ముత్తాత లాగా."

క్యూలో ముందున్న ఒకాయన వెనక్కి తిరిగి నవ్వాడు. ఇంటికొచ్చి వారమైనా ఆ "లాగా" మాత్రం పంటి సందులో ఇరుక్కున్న వక్కముక్క మాదిరి ఉండిపోయింది.

మా తిరుపతిలో ఇద్దరు భార్యలంటే వింతేమీ కాదు. మలయప్పస్వామికి అటు శ్రీదేవి, ఇటు భూదేవి. రోజూ కల్యాణం జరిగేది ముగ్గురికీ కలిపే. అన్నమయ్యకు తిమ్మక్క, అక్కలమ్మ. ఆ తిమ్మక్క రాసిన కావ్యం సుభద్రా కల్యాణం, అంటే ద్రౌపదికి సవతి వచ్చిన పెళ్ళి. సవతి ఉన్న ఆడమనిషి అన్ని కథలుండగా ఆ కథనే ఎందుకు ఎత్తుకుందా అని అప్పుడప్పుడూ అనుకుంటూ ఉంటాను. ఇక అమ్మవారు తిరుచానూరులో, స్వామి కొండ మీద. దాని గురించి మా పెద్దవ్వ అనేది: "ఆయనకేమి, కొండుంది. ఒకర్ని పైన, ఒకర్ని కింద పెట్టుకున్నాడు. మీ తాతకుండేది రెండంకణాల ఇల్లు."

ఆ ఇల్లు పెనుమూరు దగ్గర ఒక పల్లెలో ఉండేది. పెద్దవ్వ 1945లో పదిహేనేళ్ళకు ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. పదకొండేళ్ళు పిల్లల్లేరు. 1956 ఎండాకాలంలో తాత ఆమె సొంత చెల్లెల్నే రెండో పెళ్ళి చేసుకున్నాడు. చిన్నవ్వకూ అప్పుడు పదిహేనే. ఆ పదకొండేళ్ళలో పెద్దవ్వ తిరగని గుడి లేదు, తాగని కషాయం లేదు. తాతను ఎవరైనా ఏ డాక్టరుకైనా చూపించారా అని నేనడిగితే మా మేనత్త నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

పెళ్ళయిన రెండేళ్ళకు కడుపు పండింది ఎవరికో తెలుసా? పెద్దవ్వకే. మా నాయన పుట్టాడు. తర్వాత చిన్నవ్వకు ఇద్దరు కూతుళ్ళు, ఒక కొడుకు. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుని, "ఇంకో రెండేళ్ళు ఓపిక పట్టుంటే సరిపోయేది" అని నవ్వుతారు. ఆ ఓపిక పట్టాల్సింది ఎవరో మాత్రం చెప్పరు. కథ చివర ఎప్పుడూ ఒకటే మాట: "పెద్దవ్వే దగ్గరుండి చెల్లెలి మెడలో తాళి కట్టించింది. ఎంత పెద్ద మనసు! అక్కచెల్లెళ్ళు గనక కలిసిమెలిసి బతికినారు."

ఆ కలిసిమెలిసి అనే మాట నేనూ చాన్నాళ్ళు నమ్మాను. పొయ్యి ఒకటే. గొడవ పడటం నేను చూడలేదు. చిన్నవ్వ "అక్కా" అని పిలిచేది. మనకు తోడబుట్టినదానికీ పెద్ద సవతికీ పిలుపు ఒకటే కదా, ఏ అక్కను పిలుస్తున్నదో బయటివాళ్ళకు తెలిసే దారి లేదు. తాత మంచం మాత్రం ఎప్పుడూ వసారాలోనే ఉండేది.

2005 సంక్రాంతికి ఆ నమ్మకం పోయింది. అప్పటికి నాకు పెళ్ళయి ఎనిమిది నెలలు. ఏదో చిన్న మాటకు మా ఆయనతో గొడవపడి పుట్టింటికి వచ్చేశాను. మా జిల్లాలో సంక్రాంతి రోజుల్లో పితికిపప్పు లేని ఇల్లుండదు. అనపకాయలు ఒలిచి, గింజల్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తోలు వేళ్ళలో మిగులుతుంది. అవ్వలిద్దరూ వసారాలో ఒకే బేసిన్ మధ్యలో పెట్టుకుని పితుకుతున్నారు. నేను పక్కన కూర్చుని మా ఆయన మీద ఏకరువు పెడుతున్నాను.

పెద్దవ్వ అంతా విని అనింది: "నీకు అలిగి రావడానికి ఒక ఇల్లుంది. నేను యాడికి పోయేది? మా అమ్మ దగ్గరికి పోయి ఎవరి మీద చెప్పేది? దీని మీద చెబితే ఆమె బిడ్డ మీదే చెప్పినట్టు."

"దీని" అన్నప్పుడు తల కూడా తిప్పలేదు. చిన్నవ్వ చేతులు కూడా ఆగలేదు. గిన్నెలో టపటపా పప్పు పడుతూనే ఉంది. కాసేపటికి ఆమె అంది: "నేను మాత్రం ఎవరికి చెప్పుకునేది? ఏటా ఎండాకాలం అక్క ఇంటికి వస్తా ఉంటి. ఆ ఏడూ అట్లే వస్తి. ఆసారి వెనక్కి పంపలేదు, అంతే."

ఆ తర్వాత ఇద్దరూ అనపగింజలు ఈసారి ముదురుగా ఉన్నాయని మాట్లాడుకున్నారు.

సొంత చెల్లెల్ని తెచ్చుకోవడాన్ని మనవాళ్ళు పెద్ద మనసు లెక్కలో వేస్తారు. పరాయిది వస్తే ఇంట్లో పోరు, చెల్లెలైతే సర్దుకుంటుంది అని. నలుగురు కూతుళ్ళున్న మా ముత్తవ్వకు ఒక పెళ్ళి ఖర్చు కలిసొచ్చింది, తాతకు పని జరిగింది. పెద్దవ్వ ఒప్పుకోకపోతే ఇంకెవరినో తెచ్చేవాళ్ళు, ఆమె గొడ్రాలి పేరుతో పుట్టింటికి చేరేది. ఒప్పుకున్నందుకు ఆ పుట్టిల్లు పోయింది. ఆ ఒక్క పెళ్ళితో ఇద్దరు ఆడవాళ్ళకూ వెళ్ళి ఏడవడానికి చోటు లేకుండా పోయింది. మరి కలిసిమెలిసి ఉండక ఏం చేస్తారు?

తాత 1994లో పోయాడు. కర్మాంతరం అయిన కొన్నాళ్ళకు వితంతు పింఛను కోసం ఇద్దరవ్వలూ ఒక ఆఫీసుకు వెళ్ళారు. పదకొండేళ్ళ నన్ను రాయడానికీ చదవడానికీ తీసుకెళ్ళారు. అక్కడి మనిషి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఒక మొగుడికి ఇద్దరు వితంతువులేంది?" అని గట్టిగా నవ్వాడు. పక్క టేబుల్ వాళ్ళు కూడా. "దాని పేరే రాయండి, నా కొడుకు సంపాదిస్తున్నాడు" అని పెద్దవ్వ తన కాగితం వెనక్కి తీసుకుంది. తర్వాత పింఛను వచ్చిన రోజల్లా చిన్నవ్వ పెద్దవ్వకు వక్కాకు తెచ్చేది. సగం డబ్బు ఇచ్చేదని చెబితే కథ బాగుంటుంది గానీ, ఇచ్చేది కాదు. వక్కాకే.

నాది కోర్టు దగ్గర చిన్న డీటీపీ, జిరాక్సు షాపు. రోజూ పదిమంది సంసారాలు నా కీబోర్డు మీదుగా పోతాయి. అయినా మా ఇంటి సంగతి 2022లో పారికత్తు, అంటే ఆస్తి పంపకాల దస్తావేజు, రాయించాల్సి వచ్చేదాకా నాకు తెలియలేదు. అప్పటికి అవ్వలిద్దరూ లేరు. మాకు తెలిసిన లాయరుగారు చెప్పారు. చిత్తూరు జిల్లా మద్రాసులో ఉన్నప్పుడే, 1949లో, హిందువులు రెండో పెళ్ళి చేసుకోకూడదని అక్కడ చట్టం వచ్చింది. 1955లో హిందూ వివాహ చట్టం కూడా అదే చెప్పింది. అంటే 1956లో మేళతాళాలతో జరిగిన చిన్నవ్వ పెళ్ళి చట్టం దృష్టిలో అసలు పెళ్ళే కాదు. ఆ పందిట్లో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండుంటారా?

తెలిసినా ఏమయ్యేది? మొగుడు ఇంకో పెళ్ళి చేసుకుంటే మొదటి భార్య వేరే ఉండి మనోవర్తి అడగొచ్చని 1946లోనే చట్టం ఉంది. వేరే అంటే ఎక్కడ? రెండో పెళ్ళి కేసులో ఫిర్యాదు భార్య ఇవ్వాలి, లేదా ఆమె తరఫున తల్లీతండ్రీ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఇవ్వొచ్చట. అక్కచెల్లెళ్ళు! లాయరుగారు ఈ మాట చెప్పినప్పుడు నాకు బేసిన్‌లో గింజల చప్పుడు వినిపించింది.

ఇక భూమి. తాత సొంతంగా కొన్న ఐదెకరాల తోతాపురి మామిడి తోపు. చెల్లని పెళ్ళి పిల్లలైనా తండ్రి ఆస్తిలో వాటా ఉంటుంది, వివాహ చట్టం 16వ సెక్షన్ వాళ్ళను కాపాడుతుంది. తల్లిని కాపాడదు. తాత పోయిన రోజు లెక్కన ఐదు వాటాలు: పెద్దవ్వకు ఒకటి, మా నాయనకు ఒకటి, చిన్నవ్వ పిల్లలకు మూడు. చిన్నవ్వకు సున్నా. పెద్దవ్వ వాటా కూడా మా నాయనకే చేరుతుంది గనక ఆయనకు రెండెకరాలు, మిగతా ముగ్గురికీ తలా ఒకటి. పోనీ తాత 1949కి ముందే ఇద్దర్నీ చేసుకుని ఉంటే? 1956 నాటి వారసత్వ చట్టంలో దానికీ ఒక లైను ఉంది: వితంతువులు ఎంతమంది ఉన్నా అందరికీ కలిపి ఒకే వాటా. ఆ ఆఫీసు మనిషి నవ్వు నవ్వాడు గానీ లెక్క తప్పలేదు.

చిన్నాయన తోపును నలుగురికీ సమానంగా పంచమన్నాడు. ఊళ్ళో ఒక పెద్దాయన, పాతకాలంలో పత్నీభాగం అని ఉండేది, భార్యల లెక్కన రెండు చేసి సగం సగం ఇవ్వమన్నాడు. మా నాయన, "చట్టం ఏం చెబితే అదే" అన్నాడు. జీవితంలో ఆయన చట్టం పేరెత్తడం అదే మొదటిసారి.

దస్తావేజు టైపు చేసింది నేనే. చిన్నాయన, అత్తల వివరాల దగ్గర తల్లి పేరు కొట్టి, పక్కన "రెండవ భార్య" అని పెట్టాను. లాయరుగారు డ్రాఫ్టు చదువుతూ ఆ మాట చుట్టూ ఎర్ర పెన్నుతో గీశారు. "ఇది అక్కర్లేదమ్మా, ఉంటే చిక్కు. తీసేయండి." తీసేశాను. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం, ఐదక్షరాలు. ఓటరు లిస్టులోనైనా నయం, బతికున్నన్నాళ్ళూ ఇద్దరి పేర్ల కిందా భర్త పేరు అని తాత పేరే ఉండేది.

సంతకాలయ్యాక చిన్నత్త మాతో మాట్లాడటం మానేసింది. అంతకుముందు ఏటా సంక్రాంతికి అనపకాయల సంచి బస్సులో వేసి పంపేది, కండక్టరు నంబరు ఫోన్లో చెప్పేది. ఈ ఏడు రైతు బజారులో రెండు కిలోలు కొనుక్కొచ్చి, గింజలు నానబెట్టి, పొద్దున్నే బేసిన్ పెట్టుకుని కూర్చున్నాను. పాప పదో పన్నెండో పితికి వేళ్ళు నొప్పి అని లేచి ఫోన్ తీసుకుంది. మిగతావన్నీ ఒక్కదాన్నే పితికేసరికి పదకొండున్నరయింది. చూస్తే సగం ముదురు గింజలే.