అందరిలాగే నేనూ

పర్లాకిమిడి బజారులో మాది చిన్న జిరాక్స్ షాపు. ఊరు 1936లో ఒడిశాలో కలిసినా, ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే ఉండడంతో సగం బేరాలు ఇప్పటికీ తెలుగులోనే సాగుతాయి. 2024 సెప్టెంబరులో ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకం మొదలయ్యాక మాకు ఊపిరాడలేదు. 21 నుంచి 60 ఏళ్ల లోపు ఆడవాళ్లకు ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతలుగా. కూలి చేసుకునే ఇంటికి అది చిన్న డబ్బు కాదు.

ఇక్కడి తెలుగువాళ్లకి ఒక చిక్కుంది. మనకి ఇంటిపేరు ముందు, ఒడియావాళ్లకి చివర. ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా పడుతుంది. తెలుగు పేరు ఒడియాలోకి, మళ్లీ ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఒక అక్షరం ఎగిరిపోతుంది.

యాభై దాటిన ఒకామె, ఇటుకబట్టీలో పని, మూడోసారి అదే పాస్‌బుక్ పట్టుకొచ్చింది. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. "పేరు సరిచేయించుకు రమ్మన్నాను కదా! ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరిచేశాను. ఆమె ఏమీ అనలేదు. కాగితాలు ఒక్కొక్కటే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

నా కౌంటరు వెనక గోడ మీద బైబిల్లో పౌలు కొలస్సయులకు రాసిన పత్రికలోని (ఉత్తరంలోని) మాట అంటించి ఉంటుంది. మీ సంభాషణ ఉప్పు వేసినట్టు ఎల్లప్పుడు రుచిగలదిగాను కృపాసహితముగాను ఉండనియ్యుడి. ఆ మాట రాసినప్పుడు పౌలు సంకెళ్లలో ఉన్నాడు. నాకు కుర్చీ ఉంది, పైన ఫ్యాను తిరుగుతోంది. కూరలో ఉప్పు తక్కువైతే ముందు తెలిసేది తినేవాళ్లకి. నా మాట ఎలా ఉందో నాకు తెలియలేదు, ఆమెకి తెలిసింది. ఆ రాత్రి ప్రార్థనకి కూర్చుంటే ఆ కవరే కళ్లముందుకొచ్చింది.

వారం తర్వాత సంతరోజు ఆమె కనబడితే బయటికెళ్లి, "ఆ రోజు అరిచాను, క్షమించమ్మా" అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. "నువ్వొక్కదానివేటమ్మా, అందరూ అలాగే అంతారు కదా" అంది.

ఆమె నా మీద కోప్పడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ప్రభువు పేరు గోడకి పెట్టుకున్న నేను ఆమెకి ఆ అందరిలో ఒకదాన్ని.

లోపల కూర్చోబెట్టి, "బ్యాంకులో ఏమన్నారు?" అని మొదటిసారి అడిగాను. అప్లికేషన్ రాసి తెమ్మన్నారట. ఆమెకి ఒడియా రాయడం రాదు, ఎవరిని అడగాలో తెలియదు. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది. మూడుసార్లు "సరిచేయించుకు రా" అన్నాను తప్ప, ఎలా చేయించుకుంటావని ఒక్కసారీ అడగలేదు. దీర్ఘశాంతం అంటే వచ్చిన కోపాన్ని మింగడమే అనుకునేదాన్ని. ఆమె ముందు కూర్చుని ఆ కథ వింటుంటే, అసలు నేను ఆ మెట్టు దాకా కూడా రాలేదనిపించింది.

ఒడియాలో అప్లికేషన్ రాసిచ్చాను, వేలిముద్ర వేయించాను, ఆధార్ జిరాక్స్ జత చేశాను. డబ్బు తీసుకోలేదు.

పేరు ఇంకా మారలేదు. ఇంకో కాగితం అడిగారని ఆమె నిన్న మళ్లీ వచ్చింది. బల్ల మీద కూర్చోమని, మళ్లీ రాయడం మొదలుపెట్టాను. లైన్లో ఎవరో "ఎంతసేపమ్మా!" అని గట్టిగా అన్నారు. "ఐదు నిమిషాలు బాబూ, మీదీ చేస్తాను" అన్నాను, ఆమె ఇంటిపేరులో అక్షరాలు ఇంకోసారి చూసుకుంటూ.