తెల్లబట్టంతా క్యాన్సర్ కాదు

ఇవాళ ఓపీ సాయంత్రం దాకా సాగింది. మిర్చి కోతల రోజుల్లో కూలి పోతుందని ఆడవాళ్లు ఆసుపత్రి వైపు రారు. అయినా మా ఆశాలు ఇంటింటికీ తిరిగి, ముప్ఫై దాటినవాళ్లను గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు ఒప్పించి తీసుకొచ్చారు. వచ్చినవాళ్లలో ఒకమ్మాయి ఇంకా నా మనసులోంచి పోవడం లేదు.

ముప్ఫై దాటిందంతే. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పు కాగానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో స్కానింగ్ కాగితం, ఏదో ప్రైవేటు ఆసుపత్రి చీటీ. కూర్చుంటూనే, "సిస్టరమ్మా, తెల్లబట్ట పోతోంది. సంచి తీసేయాలంట. వదిలేస్తే క్యాన్సర్ అవుద్దన్నారు. సోమవారం రమ్మన్నారు" అంది. పక్కనున్న అత్తగారు అందుకుంది. "పిల్లలు పుట్టేశారు గదమ్మా, ఇంక దాంతో పనేముంది? నాకూ తీసేశారు."

ఈ మాట ఇన్నేళ్ల సర్వీసులో ఎన్ని నోళ్ల నుంచి విన్నానో! స్కానింగ్‌లో 'బల్కీ యుటరస్' అని రాసి ఉంది. కాన్పులైన చాలామందికి సంచి కాస్త పెద్దగానే కనిపిస్తుంది. కానీ ఆ ఇంగ్లీషు ముక్కని 'సంచి వాచింది' అని చెప్పి, పక్కన 'క్యాన్సర్' అనే మాట పెడితే ఏ తల్లికి నిద్ర పడుతుంది? అప్పు చేసైనా ఆపరేషన్‌కి సిద్ధపడుతుంది.

లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టాను. పల్చటి ఎసిటిక్ యాసిడ్‌లో తడిపిన దూదిని ముఖద్వారానికి అద్ది ఒక్క నిమిషం ఆగాలి. తేడా ఉన్నచోట తెల్లటి మచ్చ తేలుతుంది. ఆ నిమిషమంతా ఆమె మంచం అంచు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. లైటు దగ్గరగా జరిపి మళ్లీ చూశాను. మచ్చ ఏదీ తేలలేదు. స్రావం మాత్రం విరిగిన పాలలా గడ్డలు గడ్డలుగా ఉంది, చుట్టూ ఎరుపు. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇన్ఫెక్షనేనని, తెల్లబట్టకిచ్చే మాత్రల ఆకుపచ్చ కిట్ రాశారు. మాత్రలతో తగ్గే జబ్బు. దానికి పెద్దాపరేషన్!

గర్భసంచి తీయాల్సిన అవసరమే రాదని నేను అనను. పెద్ద గడ్డలు, మందులకు ఆగని రక్తస్రావం, సంచి జారిపోవడం, నిజంగా క్యాన్సర్ రావడం... అలాంటప్పుడు ఆ ఆపరేషనే ప్రాణం కాపాడుతుంది. తెల్లబట్ట అలాంటిది కాదు. పైగా సంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఆ చిన్న వయసులోనే ముట్లుడిగిన అవస్థలన్నీ మీద పడతాయి. ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకలు గుల్లబారడం.

నేనిది చెబుతుంటే అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నాకు ఆపరేషనైన ఏడాదికే ఒళ్లంతా మంటలు మొదలైనాయమ్మా. ఎవరికి చెప్పుకోవాలో తెలవలా" అంది. ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. ఆమెకి బీపీ చూసి, డాక్టరమ్మ దగ్గరికి పంపాను. కోడలి కోసం వచ్చిన మనిషికి కూడా ఓపీ చీటీ రాయించాల్సి వచ్చింది.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. మన ఆంధ్రలో, తెలంగాణలో 8 శాతం పైనే. మన ఆడవాళ్ల గర్భసంచులకే అన్ని జబ్బులు వస్తాయా? నేను నమ్మను. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా, అవసరం లేని ఇలాంటి ఆపరేషన్ల మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో కమిటీలు వేసి గమనించాలన్నది అందులో ఉంది. మంచిదే. కాకపోతే కమిటీ దాకా వెళ్లే ముందే, ఊళ్లో ఆర్ఎంపీ అరుగు మీదే సగం నిర్ణయం అయిపోతోంది. అక్కడ మాట్లాడేవాళ్లు కావాలి. అందుకే నేను డ్యూటీ అయిపోయాక కూడా మహిళా సంఘం మీటింగులకు వెళ్తాను. "సిస్టర్‌కి ఇంత పట్టింపు ఎందుకు" అన్నవాళ్లున్నారు. నర్సు పని సూది వేయడంతో అయిపోదు. ఆడవాళ్లు డాక్టరుని అడగలేని ప్రశ్న మమ్మల్ని అడుగుతారు, దానికి జవాబు చెప్పడం కూడా మా డ్యూటీయే.

వెళ్లేటప్పుడు ఆ అమ్మాయికి ఒకటే చెప్పాను. ఎవరు ఆపరేషన్ అన్నా, 'ఎందుకు, మందులతో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా' అని ఈ మూడూ అడుగు తల్లీ, అడిగాకే సంతకం పెట్టు అని. తలూపింది. సోమవారం ఎటు వెళ్తుందో ఇంకా చెప్పలేదు. ఆదివారం సాయంత్రం ఇంటికెళ్లి మాత్రలు వేసుకుందో లేదో కనుక్కోమని ఆశాతో అన్నాను. వచ్చే సంఘం మీటింగులో తన సంగతి నలుగురికీ చెప్పమని అత్తగారిని అడిగితే, కోతలు అయినాక వస్తానంది.